తొవ్వ మారకుండా ఇల్లు మార్చడం

తల్లిదండ్రులను ఊరి నుంచి తెచ్చుకోవాలనుకున్న పిల్లలు మొదట చూసేది గది. అటాచ్డ్ బాత్రూం ఉందా, లిఫ్ట్ ఉందా, వీధి చివర ఆసుపత్రి ఉందా అని చూస్తారు. ఇవన్నీ చూడవలసినవే. అయితే ఇవి పిల్లల మనసులోని భయానికి జవాబులు. డెబ్బై దాటిన బాపు, ఆయన వెనుకే నడిచే అవ్వ కొత్త ఇంట్లో కుదురుకుంటారా లేదా అన్నది గది మీద ఆధారపడేది చాలా తక్కువ. వాళ్లు ఇన్నేళ్లు రోజూ నడిచిన తొవ్వ ఎంత మిగిలింది, వాళ్ల మాట ఇంకా ఎంత చెల్లుతోంది అన్న రెండింటి మీదే అది ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. పాత దినచర్యలో ఎంత భాగం చెక్కుచెదరకుండా కొత్త చోటికి వచ్చిందో ఆ మేరకే మార్పు నిలబడుతుంది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క విషయమే. మిగతాదంతా దానికి రుజువు, దాని మీద వచ్చే అభ్యంతరాలకు జవాబు.

రుజువు కోసం కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లు దూరం పోనక్కరలేదు. ఇల్లు మారడం ఇక్కడ కుటుంబాల స్థాయిలోనే కాదు, ఊళ్లకు ఊళ్ల స్థాయిలో జరిగింది. 1985లో పూర్తయిన దిగువ మానేరు కింద కొన్ని ఊళ్లు పోయాయి. మన్వాడ దగ్గర కట్టిన మధ్య మానేరు కింద కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, చీర్లవంచ, అనుపురం, రుద్రవరం, కొడుముంజ లాంటి ఊళ్లు పోయాయి. 2004లో శంకుస్థాపన జరిగిన శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టయితే అప్పటి రెండు జిల్లాలకూ సరిహద్దుగా ఉన్న గోదావరి మీదే ఉంది. దాని నీళ్లు ఇటు వెల్గటూరు వైపు, అటు హాజీపూర్ వైపు ఊళ్లను ముంచాయి. వీటికి సింగరేణి ఓపెన్‌కాస్టు గనులు మింగిన పల్లెలు తోడు. కవ్వాల్ పులుల అభయారణ్యం లోపలి నుంచి కడెం మండలంలోని మైసంపేట, రాంపూర్ గ్రామాలు ఇటీవలే బయటికి వచ్చాయి. ఇన్ని తరలింపులు చూసిన ప్రాంతంలో, ముసలివాళ్లను ఇల్లు మార్చడం గురించి మనకు ఎంతో కొంత తెలిసి ఉండాలి. తెలుసు కూడా. కాకపోతే ఆ అనుభవాన్ని మన సొంత ఇంటి విషయంలో వాడుకోం.

మధ్య మానేరు నిర్వాసితుల పోరాటాన్ని గుర్తు చేసుకోండి. అదంతా ఇంటి డబ్బు చుట్టూ, పరిహారం చుట్టూ, పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలకు ఇవ్వాల్సిన ప్యాకేజీ చుట్టూ తిరిగింది. 2015లో వేములవాడలో అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించిన 5.04 లక్షల రూపాయల ఇంటి సాయం కోసం ఏళ్ల తరబడి ధర్నాలు జరిగాయి. ఆ కోరికలు న్యాయమైనవే. కానీ నష్టాల జాబితాలో ఇంటికి, బావికి, చెట్టుకు గడి ఉంది గానీ, పొద్దుగాల చాయ్ తాగి నాలుగిళ్లు దాటి అరుగు మీద కూర్చునే అలవాటుకు గడి లేదు. పునరావాస కాలనీల్లో ప్లాట్లు సాధారణంగా డ్రా తీసి ఇస్తారు. రోడ్లు తిన్నగా, వెడల్పుగా ఉంటాయి. పాత ఊళ్లో గోడకు గోడ ఆనుకుని ఉన్న పాలోళ్లు కొత్త కాలనీలో ఎక్కడో మూడో లైన్లో తేలతారు. పడుచువాళ్లకు అది బండి మీద రెండు నిమిషాలు. మోకాళ్లు పట్టేసిన మనిషికి అది వేరే ఊరు. సిమెంటు ఇల్లు పాత గూనపెంకుల ఇంటికన్నా గట్టిదైనా, అందులో ఉన్న మనిషి రోజు మాత్రం చిన్నదైపోతుంది.

బయటి ప్రపంచంలో ఈ విషయాన్ని కూర్చుని లెక్క తీసినవాళ్లున్నారు. ఆఫ్రికాలో జాంబేజీ నది మీద కరీబా ఆనకట్ట కట్టినప్పుడు 1950ల చివర్లో సుమారు 57 వేల మంది టోంగా ప్రజలను తరలించారు. వాళ్లను దశాబ్దాల పాటు గమనించిన ఎలిజబెత్ కోల్సన్, థేయర్ స్కడర్ అనే మానవ శాస్త్రవేత్తలు ఒక సంగతి రాశారు. తరలిన తొలి ఏళ్లలో జనం తెలిసినదాన్నే గట్టిగా పట్టుకుంటారు. తెలిసిన బంధువులు, తెలిసిన పొరుగు, తెలిసిన పంట వదలరు. కొత్తదనాన్ని వీలైనంత తగ్గించుకునేలా చూసుకుంటారు. అమెరికాలోని బోస్టన్ నగరంలో వెస్ట్ ఎండ్ అనే పేదల పేటను కూల్చివేసినప్పుడు మార్క్ ఫ్రీడ్ అనే పరిశోధకుడు అక్కడి స్త్రీలను రెండేళ్ల తర్వాత మళ్లీ పలకరించాడు. వాళ్లలో సుమారు నాలుగో వంతు మంది అప్పటికీ ఆ ఇంటి కోసం దిగులు పడుతూనే ఉన్నారు. 1963లో అచ్చయిన ఆ వ్యాసంలో ఆయన దాన్ని మనిషి పోయినప్పటి దుఃఖంతో పోల్చాడు. వాళ్లు పోగొట్టుకున్నది మేడలూ మిద్దెలూ కాదు, ఇరుకు గల్లీలు. వృద్ధుల తరలింపు మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను 1977లో రిచర్డ్ షుల్జ్, గెయిల్ బ్రెనర్ ఒకచోట చేర్చి చూశారు. మార్పు ఎంత నొప్పిస్తుందన్నది రెండు సంగతులను బట్టి ఉంటుందని తేల్చారు. ఒకటి, ఎంపికలో ఆ మనిషి చేయి ఎంత ఉంది. రెండు, కొత్త చోటు ఎలా ఉంటుందో ముందే ఎంత తెలుసు. గది ఎంత పెద్దది అన్నది ఆ రెండింటిలో లేదు.

ఇక్కడ ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. ఈ రెండు విషయాల్లోనూ ప్రభుత్వం కన్నా కుటుంబమే ఎక్కువ తప్పు చేస్తుంది. ప్రభుత్వం కనీసం నోటీసు ఇస్తుంది, గ్రామసభ పెడుతుంది, ఊరినంతా ఒకచోట దింపుతుంది. కొడుకులు బిడ్డలు చేసే పని తరచూ ఇలా ఉంటుంది. కంటి ఆపరేషన్ ఉంది, పది రోజులుండి పోదురు గానీ అని ఒక సంచి బట్టలతో హైదరాబాద్ తీసుకొస్తారు. పది రోజులు నెలవుతుంది, నెల ఆరు నెలలవుతుంది. ఈలోగా ఊళ్లో బర్రెను అమ్మేస్తారు, ఇంటికి తాళం పడుతుంది. తాను ఊరు విడిచి వచ్చేసినట్టు ఆ మనిషికి ఎవరూ చెప్పరు, తనంతట తానే తెలుసుకోవాలి. ప్రేమతోనే చేస్తారు, అందులో అనుమానం లేదు. అడిగితే ఒప్పుకోరన్న భయంతో చేస్తారు. కానీ ముంపు ఊరి మనిషికి కనీసం పక్కింటివాళ్లు కూడా తనతోపాటే వచ్చారన్న తోడుంటుంది. మూడో అంతస్తు ఫ్లాటుకు వచ్చిన అవ్వకు అదీ లేదు.

దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ కూడా ఈ నేల మీదే ఉంది. సింగరేణి కార్మికుడు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు కంపెనీ క్వార్టర్‌లో ఉంటాడు. రిటైరయ్యాక అది ఖాళీ చేయాలి. 2021లో పదవీ విరమణ వయసును 60 నుంచి 61కి పెంచారు గానీ తేదీ మాత్రం ఎవరికైనా ఏళ్ల ముందే తెలుసు. గోదావరిఖని, మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్‌లలో ఎన్నో కుటుంబాలు ఆ తేదీని దృష్టిలో పెట్టుకునే మంచిర్యాల, నస్పూర్, గోదావరిఖని చుట్టుపక్కల జాగా కొని ఇల్లు కట్టుకుంటాయి. క్వార్టర్ నుంచి కొత్త ఇంటికి దూరం కొద్ది కిలోమీటర్లే. అదే కూరగాయల మార్కెట్, అదే సింగరేణి ఏరియా ఆసుపత్రి, రిటైరైనవాళ్ల మెడికల్ కార్డు చెల్లేదీ అక్కడే. ఒకే షిఫ్టులో పనిచేసి ఒకే ఏడాది దిగిపోయిన జతగాళ్లు సాయంత్రం యూనియన్ ఆఫీసు ముందు దొరుకుతారు. ఇల్లు మారింది గానీ రోజు మారలేదు. తేదీ ముందే తెలియడం, ఎంపిక సొంతది కావడం, దూరం తక్కువ కావడం అనే మూడూ ఒకేచోట కలిసిన మార్పు ఇది. షుల్జ్, బ్రెనర్ చెప్పినదాన్ని బొగ్గుబాయి కార్మికులు పుస్తకం చదవకుండానే చేస్తున్నారు.

కాబట్టి ఇంటి వేటకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. రెండు మూడు రోజులు ఊళ్లో ఉండి, తల్లిదండ్రులు పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఎక్కడెక్కడికి వెళ్తున్నారో, ఎవరితో మాట్లాడుతున్నారో, ఏ పని చేస్తున్నారో ఒక కాగితం మీద రాయండి. అడిగి రాయకండి, వెంట ఉండి రాయండి. అడిగితే ‘ఏముంది బిడ్డా, ఇంట్లనే ఉంటం’ అంటారు. నిజానికి జగిత్యాల వైపు పల్లెలో ఒక అవ్వ రోజు ఎంత నిండుగా ఉంటుందో చూడండి. పొద్దుగాల వాకిలి ఊడ్చి సాన్పి చల్లుతుంది. చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని గడప పక్కన కూర్చుంటుంది. పింఛను వస్తున్నా, కండ్లు మసకబారినా, రోజుకు కొన్ని బీడీలైనా చుట్టనిదే ఆమెకు చేతులు ఊరుకోవు. చుట్టిన వాటి కన్నా విలువైనది ఆ చాట చుట్టూ చేరే నలుగురి మాట. మధ్యాహ్నం మనుమడి వరస పిల్లవాడొకడు గల్ఫ్‌లో ఉన్న తండ్రి చేసిన ఫోన్ పట్టుకొస్తే దాంట్లో మాట్లాడుతుంది. నెలకోసారి పోస్టాఫీసు మనిషి వచ్చి 2,016 రూపాయల పింఛను ఇచ్చే రోజు గ్రామపంచాయతీ ముందు సగం ఊరి ముసలివాళ్లు కూడుతారు. ఎవరు రాలేదో చూసి, ఎందుకు రాలేదో అడిగేది అప్పుడే. అవ్వకు జ్వరమొస్తే హైదరాబాద్‌లో ఉన్న కొడుకు కన్నా ముందు తెలుసుకునేది ఆ గుంపే. అదే అవ్వ పట్నంలోని ఫ్లాటుకు వచ్చిందంటే ఆ పింఛను బ్యాంకు ఖాతాలో పడుతుంది. డబ్బు అంతే, కూడలి లేదు.

ఆ కాగితంలో రాసినవాటిలో ఏవి కొత్త చోటికి తీసుకుపోగలమో, ఏవి పోలేమో గుర్తు పెట్టుకోవాలి. గుడి ఎక్కడైనా దొరుకుతుంది, మాట కలిపే మనిషి అంత సులభంగా దొరకరు. తమ యాస మాట్లాడే నలుగురు, నడిచి పోగలిగేంత దూరంలో కూరగాయలమ్మే చోటు, పొద్దున కూర్చోవడానికి నీడ, చేతికి ఏదో ఒక పని ఉంటే చాలు. ఇంటికి పెట్టే ఖర్చులో ముందు వీటిని కొనాలి. ఈ లెక్క వేస్తే చాలామందికి వచ్చే జవాబు హైదరాబాద్ కాదు. సొంత మండల కేంద్రమో, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్ లాంటి పట్టణమో అవుతుంది. ఊరి నుంచి బస్సు నేరుగా వచ్చే చోటు, సంతకు వచ్చిన ఊరివాళ్లు ‘ఎట్లున్నవ్ పెద్దవ్వా’ అని పలకరించి పోయే చోటు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది కాబట్టి అవ్వ కావాలనుకున్నప్పుడు జీరో టికెట్ మీద ఊరికి పోయి రావచ్చు. బాపు మాత్రం టికెట్ కొనాలి. ఆ డబ్బు కొడుకును అడిగే అవసరం లేకుండా ఆయన జేబులో ముందే ఉండాలి. కొందరు నవ్వుతారేమో గానీ, నా లెక్కలో ఇది పడకగది ఏసీ కన్నా ముఖ్యమైన ఏర్పాటు.

‘రాత్రిపూట గుండెనొప్పి వస్తే జిల్లాలో ఏముంది?’ అన్నది దీనిపై వచ్చే పెద్ద అభ్యంతరం. పదేళ్ల కింద ఈ ప్రశ్నకు జవాబు కష్టంగానే ఉండేది. ఆదిలాబాద్ రిమ్స్, కరీంనగర్ పక్కన రెండు ప్రైవేటు వైద్య కళాశాలలు తప్ప చెప్పుకోవడానికి పెద్దగా లేదు. 2022లో మంచిర్యాల, రామగుండం, జగిత్యాలలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటిలో అన్ని విభాగాలూ హైదరాబాద్‌తో సమానమని నేననను. గుండెకు, మెదడుకు, క్యాన్సర్‌కు పెద్ద చికిత్స ఇప్పటికీ రాజధానిలోనే ఎక్కువ. మూడు రోజులకోసారి డయాలసిస్ చేయించుకోవాల్సిన మనిషి ఆ సౌకర్యం ఉన్న చోటే ఉండాలి, అక్కడ వాదన లేదు. మిగతావాళ్ల విషయంలో మాత్రం అత్యవసరానికీ, రోజూ ఉండే అవసరానికీ తేడా చూడాలి. బీపీ, షుగర్ గోలీలు వేళకు వేసుకోవడం, నాలుగడుగులు నడవడం, ఆకలితో తినడం రోజూ అవసరం. పలకరించేవాళ్లు లేని గదిలో మొదట తగ్గేవి ఈ మూడే. ఎన్నడో వచ్చే ఆపద కోసం ఆసుపత్రి పక్కన ఇల్లు కొని, రోజువారీ ఆరోగ్యాన్ని పోగొట్టుకోవడం లాభసాటి బేరం అనిపించుకోదు.

ఇంతకన్నా నిజమైన అపాయం కొత్త ఇంట్లో మొదటి నెల రాత్రులది. దీనిని ఎవరూ పట్టించుకోరు. ఊళ్లో బాపు నలభై ఏళ్లుగా రాత్రి లేచి కుడిచేయి గోడకు ఆనించి, మూడడుగులు వేసి, గడప దాటి బయటికి పోవడానికి అలవాటు పడ్డాడు. కళ్లు తెరవకపోయినా కాళ్లకు ఆ లెక్క తెలుసు. కొత్త ఇంట్లో మంచం అటు తిప్పి వేస్తే, నిద్రమత్తులో ఆయన చేయి గోడ కోసం కుడివైపుకే పోతుంది. అక్కడ ఖాళీ ఉంటుంది. ఎత్తైన డబుల్‌కాట్ మీద నుంచి కాలు కిందికి జారుతుంది, నున్నటి టైల్స్ మీద తడి ఉంటే ఇక చెప్పేదేముంది. కాబట్టి పాత మంచాన్నే తెండి. అందమైనది కాకపోయినా దాని ఎత్తు ఆయన మోకాళ్లకు తెలుసు. తలాపు పాత ఇంట్లో ఏ వైపు ఉండేదో ఆ వైపే పెట్టండి, లేచిన చేతికి గోడ తగిలేలా చూడండి. బాత్రూం దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బు, కమోడ్ పక్కన పట్టుకోవడానికి గోడకు బిగించిన స్టీలు రాడ్డు పెట్టించండి. ఆ రాడ్డును మీ ఎత్తుకు కాకుండా, ఆయనను కూర్చోబెట్టి చేయి ఎక్కడికి పోతుందో చూసి బిగించండి. గేజర్ నల్లా ఏది, చన్నీళ్ల నల్లా ఏదో రంగు దారం కట్టి చూపించండి. ఈ పనులన్నీ మనుషులు వచ్చాక కాదు, సామాను దించకముందే అయిపోవాలి.

కాగితాల పని విసుగ్గా ఉంటుంది, అయినా దాన్ని వదిలేస్తే పెద్దవాళ్లకే దెబ్బ. నెలల తరబడి తీసుకోకపోతే పింఛను ఆగిపోయే ప్రమాదం ఉంటుంది కనుక, మార్పు గురించి ఎంపీడీవో ఆఫీసులో ముందే అడగాలి. రేషన్ బియ్యం రాష్ట్రంలో ఏ దుకాణంలోనైనా తీసుకోవచ్చు, దానికి కంగారు లేదు. బొగ్గుగని పింఛను తీసుకునేవాళ్లు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ సంగతి మరచిపోవద్దు. ఏటీఎం కార్డు మాత్రం వాళ్ల దగ్గరే ఉండనివ్వండి. పిన్ నంబర్ మీకు తెలిసి ఉండటం వేరు, కార్డు మీ పర్సులో ఉండటం వేరు.

కాగితాల్లో ఒకదాని గురించి మాత్రం తీరిగ్గా మాట్లాడాలి. అది ఇల్లు, భూమి రిజిస్ట్రేషన్. ఇల్లు మారే సందర్భంలోనే ఆస్తి పంపకం కూడా తేల్చేయాలని చాలా కుటుంబాల్లో తొందర పడతారు. ఎలాగూ వచ్చేశారు, ఊళ్లో ఆ ఇల్లెందుకు, ఎకరం నర భూమిని పిల్లల పేర రాస్తే సరిపోతుంది అంటారు. నా సలహా సూటిగా చెబుతాను. ఇల్లు మారిన ఏడాది లోపల రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లు ఎక్కించకండి. మాట చెల్లుబాటు అనేది మన సమాజంలో ఆస్తితో ముడిపడి ఉంది, అది బాగున్నా లేకపోయినా నిజం. చట్టం కూడా ఈ సంగతి ఎరుగును. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటామన్న షరతుతో ఆస్తి రాయించుకుని తర్వాత చూడకపోతే ఆ బదిలీని ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. ఆ షరతు ఉన్నట్టు చూపించాలని సుప్రీంకోర్టు 2022లో ఒక తీర్పులో చెప్పింది. 2025 జనవరిలో ఇంకో తీర్పులో, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా విశాలంగా చదవాలంది. కాబట్టి ఎప్పుడు రాసిచ్చినా పోషణ షరతు ఆ దస్తావేజులోనే స్పష్టంగా ఉండాలి. ‘మా పిల్లలు అటువంటివాళ్లు కాదు’ అనే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. మంచి పిల్లలకు ఆ ఒక్క వాక్యం అడ్డం కాదు.

ఇక వంతుల సంగతి. మన జిల్లాల్లో ఇద్దరు ముగ్గురు కొడుకులున్న ఇళ్లలో నెలకొకరి వంతు పెట్టుకోవడం, లేదా అవ్వ పెద్దోని దగ్గర, బాపు చిన్నోని దగ్గర అని పంచుకోవడం మామూలైపోయింది. అన్నదమ్ముల మధ్య ఇది న్యాయంగానే కనిపిస్తుంది. ఇంతవరకు చెప్పినదాన్ని ఒప్పుకుంటే మాత్రం ఇంతకన్నా చెడ్డ ఏర్పాటు లేదని కూడా ఒప్పుకోవాలి. ఒక్కసారి ఇల్లు మారితేనే కుదురుకోవడానికి నెలలు పట్టే మనిషిని ఏడాదికి పన్నెండుసార్లు మార్చడం ఇది. ప్రతి నెలా కొత్త మంచం, కొత్త నల్లా, కొత్త కోడలి వంట వేళ. మందుల సంచి ఒక ఇంట్లో మరచిపోతే పది రోజులు గోలీలు ఉండవు. దంపతులను విడదీయడమైతే ఇంకా ఘోరం. యాభై ఏళ్ల దినచర్యలో మిగిలిన ఒకే ఒక్క మనిషిని కూడా అందులోంచి తీసేసినట్టు. ఖర్చు సమంగా పంచుకోవాలంటే డబ్బు పంచుకోండి, సెలవులు పంచుకోండి, ఆసుపత్రికి వెంట తిరిగే పని పంచుకోండి. మనుషులను మాత్రం ఒకచోట ఉండనివ్వండి. ఆ ఒకచోటు బిడ్డ ఇల్లయితే నామోషీ అనేవాళ్లు ఇంకా ఉన్నారు. 2007 చట్టం పోషణ బాధ్యతలో కొడుకునూ కూతురినీ ఒక్క తీరుగానే చూసింది. కొడుకు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండి, బిడ్డ పక్క మండలంలో ఉన్నప్పుడు నామోషీ కోసం అవ్వను తాళం వేసిన బంగళాలో ఒంటరిగా ఉంచడంలో అర్థం లేదు.

‘ఇన్ని అడుగుతూ కూర్చుంటే వాళ్లు జన్మలో ఒప్పుకోరు’ అనేది చివరి అభ్యంతరం, చాలామంది పిల్లల మనసులో ఉన్నది కూడా ఇదే. ఒప్పుకోకపోవడానికి సగం కారణం తిరిగి రానివ్వరన్న అనుమానం. అది తీరాలంటే మాట నిలబెట్టుకుని చూపాలి. నెల రోజులకని తీసుకొస్తే ముప్పై ఒకటో రోజున బస్సెక్కించి పంపండి, వాళ్లు ఇంకో వారం ఉంటామన్నా సరే మొదటిసారి పంపండి. రెండోసారి రమ్మన్నప్పుడు ఆ మాటకు విలువ ఉంటుంది. మొదటి ప్రయాణం బతుకమ్మ, దసరా రోజుల్లో పెట్టకండి. ఊరంతా ఇంటికొచ్చే వేళ వాళ్లను ఊరి నుంచి తీసుకురావడం అన్యాయం. ఊళ్లో ఇంటిని ఏడాది పాటు అమ్మకండి, కిరాయికి ఇవ్వకండి. వానలకు ముందు గూన సర్దించండి, కరెంటు బిల్లు కట్టండి. ఆ ఖర్చు వృథా అనిపిస్తుంది. కానీ వెనక్కి పోవచ్చన్న ధైర్యం ఉన్న మనిషే కొత్త చోట కుదురుగా కూర్చుంటాడు. ఎంపికలు కూడా నిజమైనవై ఉండాలి. ‘వస్తావా రావా’ అనడం ఎంపిక కాదు. రెండు మూడు ఇళ్లు చూపించి ఏది నచ్చిందో అడగడం ఎంపిక. మతిమరుపు జబ్బుతో ఇంతటి నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్నవాళ్లకు నిర్ణయం పిల్లలే చేయాలి. అప్పుడూ పొద్దున చాయా పాలా, నీలి చీరా ఎర్ర చీరా అన్న చిన్న ఎంపికలు వాళ్లవే. అటువంటివాళ్ల విషయంలో దూరం ఇంకా తగ్గించాలి, పాత వస్తువులు ఇంకా ఎక్కువ తేవాలి.

ఇవన్నీ చేశాక కూడా ‘మేం రాం’ అంటే? అప్పుడు వాళ్లు రాకపోవడమే సరైన జవాబని ఒప్పుకుని, ఊళ్లోనే ఏర్పాటు చేయడానికి అదే డబ్బు వాడండి. ఇంట్లోపల బాత్రూం కట్టించండి. రోజూ వచ్చి చూసిపోయే మనిషికి జీతం ఇవ్వండి. ఫోన్‌లో మీ నంబర్‌తో పాటు పక్కింటివాళ్ల నంబర్, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 పెట్టండి. అడవిలోంచి, ముంపులోంచి తరలిపోయినవాళ్లకు ఈ అవకాశం లేకపోయింది. మీ తల్లిదండ్రులకు ఉంది.

ఈసారి పండుగకు ఊరికి పోయినప్పుడు రియల్ ఎస్టేట్ ధరలు అడగడం కాసేపు ఆపండి. పొద్దున బాపు చెప్పులేసుకుని బయలుదేరగానే మీరూ లేచి, ఒక మాట మాట్లాడకుండా వెంట నడవండి. ఆయన ఎక్కడ ఆగాడో, ఎవరు పలకరించారో రాసుకోండి. ఇల్లు వెతకడం ఆ కాగితం చేతికొచ్చాకే మొదలుపెట్టండి.